ఆరేళ్ల పిల్లల నుంచి బడి కోరేవి

ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఏడాది చివరికి ఏం నేర్చుకుని ఉండాలి, బడిలో ఉన్నంతసేపూ ఏం చేయగలగాలి అన్న ప్రశ్నకు ప్రభుత్వాలు గడిచిన నలభై ఏళ్లలో చాలాసార్లు రాతపూర్వకంగా జవాబు చెప్పాయి. ఆ జవాబులు కనీస అభ్యసన స్థాయిలుగా, విద్యా ప్రమాణాలుగా, అభ్యసన ఫలితాలుగా పేర్లు మార్చుకుంటూ వచ్చాయి. బడిలో అడుగుపెట్టిన ఆరేళ్ల పిల్ల ఎదుర్కొనే కోరికల్లో ఈ పట్టికలకు ఎక్కినవి కొన్ని మాత్రమే. గంటల తరబడి కదలకుండా కూర్చోవడం, తన వంతు వచ్చేదాకా నోరు మెదపకపోవడం, గీత దాటకుండా రాయడం, ఇంట్లో ఎన్నడూ వినని మాటతీరును మొదటి రోజు నుంచే అర్థం చేసుకోవడం వంటివి ఏ ప్రభుత్వ పత్రంలోనూ లక్ష్యాలుగా కనిపించవు గాని, పిల్ల చురుకైనదనో మొద్దు అనో పడే ముద్ర చాలావరకు వీటిని బట్టే పడుతుంది. రాతలో ఉన్న కోరికలు మొత్తం మీద సబబైనవేననీ, వాటిని అందుకోవడానికి బడి ముందుగా పిల్లలకు ఇవ్వవలసినవి అదే పట్టికలో రాయకపోవడం అసలు లోపమనీ, అలా వదిలేసిన వాటిలో అన్నిటికన్నా విలువైనది పిల్లల సొంత మాట అనీ చెప్పడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

గిడుగు వెంకట రామమూర్తి స్మృతికి అంకితమైన ప్రసంగానికి ఈ విషయం పరాయిది కాదు. 1863లో పుట్టి 1940లో కన్నుమూసిన ఆయనను తెలుగువారు ముఖ్యంగా వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా తలచుకుంటారు, ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటారు. గ్రాంథికమా వ్యావహారికమా అన్న వివాదం పండితుల మధ్య వాగ్వాదంగా చరిత్రకు ఎక్కినా, దాని వేరు తరగతి గదిలో ఉంది: పిల్లవాడికి రాని భాషలో పాఠం చెప్పి, ఆ భాషలోనే జవాబు రాయమంటే అది చదువు ఎలా అవుతుందన్నది ఆయన్ని పట్టుకున్న ప్రశ్న. ఆ ఉద్యమానికి ముందే, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో, చుట్టుపక్కల కొండల్లోని సవరల భాషను ఆయన నేర్చుకున్నాడు, ఆ భాషలో వాచకాలు సిద్ధం చేశాడు, సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పే బడులను సొంత ఖర్చుతో నడిపాడు. సవర భాషకు ఆయన రాసిన వ్యాకరణ గ్రంథం 1931లో వెలువడింది. పిల్లల నుంచి ఏదైనా కోరే ముందు వారి మాట నేర్చుకోవలసిన బాధ్యత బడిదే అని వాదించడంతో ఆగక చేసి చూపించిన వ్యక్తి గనుక, ఈ చర్చలో ఆయన పేరు మొక్కుబడిగా తలచుకునేది కాదు.

తెలుగు నేల మీద చిన్నపిల్లల నుంచి బడి ఏం కోరేదో చెప్పే పాత ఆధారాల్లో ముఖ్యమైనది, బళ్లారి కలెక్టరు ఎ.డి.క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదిక. గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లను కోరగా వచ్చిన జవాబుల్లో ఇది ఒకటి. ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న ఆనాటి బళ్లారి జిల్లాలో 533 బడులూ వాటిలో 6,641 మంది పిల్లలూ ఉన్నారని, ఆ బడుల్లో 226 తెలుగు బడులని ఆ నివేదిక లెక్క చెబుతుంది. పిల్లలు ఐదో ఏట బడిలో చేరేవారు. అక్షరాల పేర్లు వల్లించడం కాకుండా ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం వారి మొదటి పని. చేయి కుదిరాక తాటాకు మీద గంటంతోనో, కాగితం మీద కలంతోనో, పలకలా వాడుకునే కడతం మీదనో రాసేవారు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పే ఏర్పాటును క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. దినచర్య గురించి ఆయన చెప్పిన ఒక సంగతి ఇక్కడ ప్రత్యేకంగా పనికొస్తుంది: తెల్లవారుజామున అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారు, రెండోవాడికి మెప్పూ తప్పూ లేదన్న గుర్తుగా సున్న చుట్టేవారు, మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ పైన వచ్చిన వారికి వరసగా పెరుగుతూ పోయేవి. అక్షరం ఒక్కటీ దిద్దకముందే పిల్లవాడి మీద మోపిన కోరిక ఇది. రాతలో లేని కోరికకు శిక్ష మాత్రం ఖాయంగా ఉండడం అప్పటికే బడి స్వభావమైందని దీనివల్ల తెలుస్తుంది.

అదే నివేదికలో క్యాంప్‌బెల్ చేసిన పెద్ద ఫిర్యాదు వేరే ఉంది. పిల్లలు చదివే పుస్తకాలు పద్యాల్లో, వాడుకకు చాలా దూరమైన భాషలో ఉన్నాయనీ, పిల్లలు వాటిని అప్పజెప్పగలరే గాని అర్థం చెప్పలేరనీ, చాలాచోట్ల అర్థం అయ్యవారికీ తెలియదనీ ఆయన రాశాడు. పరాయి పాలకుడి చూపులో ఉండే తేలికభావాన్ని తీసేసి చూసినా ఆ ఫిర్యాదు నిలుస్తుంది. ఆ బడి చేతికీ జ్ఞాపకానికీ పదును పెట్టింది, అర్థాన్ని మాత్రం పెద్దయ్యాక తెలుస్తుందిలే అని వాయిదా వేసింది. ఆ వాయిదా సుమారు తొంభై ఏళ్ల తరవాత గిడుగు ఉద్యమం నాటికీ తీరలేదు.

స్వాతంత్ర్యం తరవాత వచ్చిన పత్రాల వరసను ఇక్కడ క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 1986 జాతీయ విద్యావిధానం ప్రతి బిడ్డా చేరుకోవలసిన కనీస స్థాయి ఉండాలంది; ఆర్.హెచ్.దవే అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1991లో ప్రాథమిక తరగతులకు కనీస అభ్యసన స్థాయిలను, అంటే ప్రతి తరగతిలోనూ పిల్లలందరికీ తప్పక రావలసిన సామర్థ్యాల జాబితాను, భాషకూ గణితానికీ పరిసరాల విజ్ఞానానికీ విడివిడిగా ఇచ్చింది. జాబితా వచ్చిన రెండేళ్లకే దానికి ఎదురుగాలి వీచింది. రచయిత ఆర్.కె.నారాయణ్ అంతకుముందే, 1989లో, రాజ్యసభలో చిన్నపిల్లల పుస్తకాల సంచుల బరువు గురించి చేసిన ప్రసంగం దేశంలో పెద్ద చర్చ లేపింది. ఆచార్య యశ్‌పాల్ నాయకత్వాన వేసిన కమిటీ 1993లో ఇచ్చిన నివేదిక, సంచి బరువు కన్నా అర్థం కాకపోవడం అనే బరువే పిల్లల్ని ఎక్కువగా కుంగదీస్తోందని తేల్చింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం, 2009 విద్యాహక్కు చట్టం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో తయారుచేసుకున్న రాష్ట్ర పాఠ్యప్రణాళికా చట్రం ఆ దారిలోనే నడిచాయి. 2017లో విద్యాహక్కు నియమాల్లోకి అభ్యసన ఫలితాలు, అంటే తరగతి ముగిసేసరికి పిల్ల చేసి చూపగలిగిన పనులు, చేరాయి. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వయసును పునాది దశ అని పేరు పెట్టి ఒక్కటిగా చూసింది. 2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం, మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, లెక్క చేయడం రావాలనీ, ఇది 2026-27కల్లా నెరవేరాలనీ గడువు పెట్టింది. తెలంగాణ 2022లో తొలిమెట్టు పేరుతో ఇదే పనిని చేపట్టింది.

నిపుణ్ లక్ష్యాలు చెప్పేది స్థూలంగా ఇది. బడికి ముందు ఏడాదిలో పిల్ల అక్షరాలనూ వాటి ధ్వనులనూ గుర్తించాలి, రెండు మూడు అక్షరాల పదాలు చదవాలి, పది వరకు అంకెలు చదివి వరసలో పెట్టాలి. ఒకటో తరగతి ముగిసేసరికి నాలుగైదు తేలిక పదాలున్న వాక్యాలను, ముందు చూడని పాఠంలోంచి, చదవగలగాలి. 99 వరకు సంఖ్యలు చదివి రాయాలి, చిన్న కూడికలూ తీసివేతలూ చేయాలి. రెండో తరగతిలో నిమిషానికి 45 నుంచి 60 పదాలు అర్థంతో చదవాలి, 999 వరకు సంఖ్యలు రావాలి. ఈ కోరికల్లో ఏదీ అత్యాశ కాదు. ఆరోగ్యంగా ఉన్న ఏడేళ్ల బిడ్డకు, సరైన బడి ఉంటే, ఇవన్నీ వస్తాయి. కాని తెలుగు లిపిలో ఒక వాక్యం చదవడం అంటే పిల్ల లోపల ఎంత పని జరగాలో పట్టికలో కనపడదు గనుక, దాన్ని దగ్గరగా చూడవలసి ఉంది.

తెలుగు అక్షరమాలను పెద్దలు యాభై ఆరు అక్షరాలుగా లెక్కపెడతారు గాని చదవబోయే పిల్ల ఎదుట ఉండేవి యాభై ఆరు కావు. ముప్పై అయిదుకు అటూఇటూగా ఉన్న హల్లులకు తలకట్టు మొదలుకొని ఔత్వం దాకా పన్నెండేసి గుర్తులు చేరితే నాలుగు వందలకు పైబడిన గుణింత రూపాలు తయారవుతాయి. వాటి కింద ఒత్తులు చేరితే మరెన్నో. గుర్తులన్నీ ఒకే పద్ధతిలో అతుక్కోవు: కు, ము, ను అన్నచోట కొమ్ము ఒక తీరుగా ఉంటే పు, వు అన్నచోట మరో తీరుగా కిందికి దిగుతుంది, కొ, తొ అన్నచోట కనపడే ఒత్వం మొ, యొ అన్నచోట రూపం మార్చుకుంటుంది. పెద్దవాళ్ల కంటికి ఇవి ఆనవు, నేర్చుకుంటున్న కంటికి మాత్రం ప్రతిదీ కొత్త బొమ్మే. తెలుగుకు చెల్లెలి వంటి లిపి ఉన్న కన్నడంలో పిల్లలు చదువు నేర్చుకునే వేగాన్ని పరిశీలించి సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం, ఈ రకం లిపుల్లో అక్షరజ్ఞానం ఒక్క ఏడాదిలో పూర్తయ్యేది కాదనీ, ప్రాథమిక తరగతుల్లో చాలా పైదాకా సాగుతుందనీ చూపింది. ఇంగ్లిష్ అక్షరాలు ఇరవై ఆరూ కొద్ది నెలల్లో వచ్చేస్తాయి గనుక తెలుగు కూడా అంతే త్వరగా రావాలని అనుకోవడం లిపి స్వభావం తెలియక చేసే పొరపాటు.

వాచకాల్లో పాఠాలు నడిచే వరసలో ఇంకొక చిక్కు ఉంది. సంప్రదాయ క్రమంలో అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఆఖరున ఒత్తులు వస్తాయి. ఇటీవలి వాచకాలు పలక, పడవ, వల, గడప వంటి గుణింతం లేని మాటలతో మొదలుపెట్టి అక్షరాలను మాటల్లోంచి చూపే మేలైన దారి పట్టినా, ఒత్తులు మాత్రం ఆఖరికే మిగిలాయి. అయితే ఆరేళ్ల పిల్ల నోట్లో రోజంతా ఆడే మాటలేవి? అమ్మ, నాన్న, అన్న, అక్క, అత్త, అయ్య, తమ్ముడు, చెల్లి, అన్నం, పప్పు, బువ్వ, కుక్క, పిల్లి, బర్రె, గొర్రె, ఇల్లు. వీటిలో ఒత్తు లేని మాట ఒక్కటీ లేదు. అంతటితో అయిపోలేదు. చాలా హల్లుల ఒత్తు ఆ హల్లు ఆకారాన్నే పోలి, తలకట్టు తీసేసి కింద రాసినట్టు ఉంటుంది: ప్ప, వ్వ, డ్డ అటువంటివి. క, త, న, మ, య, ర, ల అనే ఏడింటి ఒత్తులు మాత్రం అసలు అక్షరాన్ని పోలకుండా వేరే రూపం పొందుతాయి. అక్కలో క, అత్తలో త, అన్నలో న, అమ్మలో మ, అయ్యలో య, బర్రెలో ర, చెల్లిలో ల ఆ ఏడు ఒత్తులే. ఇంటివాళ్ల పేర్లలోనే లిపిలోని అతి కష్టమైన గుర్తులు ఉండడం ఎవరూ కోరి పెట్టింది కాదు. కాని ఇదీ, ఒత్తులను ఆఖరున నేర్పడమూ కలిసినందువల్ల, తొలి పేజీలోనే ‘అ’ పక్కన అమ్మ బొమ్మ చూసిన పిల్ల, ఆ బొమ్మ కింది మాటను నిజంగా చదవగలగడానికి ఏడాది చివరిదాకా ఆగవలసి వస్తోంది; అందాకా చదువు అంటే తనకు తెలియని, తన ఇంట్లో వినపడని మాటలను కూడబలుక్కోవడమే అని ఆమెకు తెలియకుండానే నమ్మకం కుదురుతుంది. ఒత్తులను వరసగా నేర్పడం తరవాత జరిగినా, అమ్మ, అక్క, అన్న వంటి పది పన్నెండు మాటలను మొదటి నెలలోనే మొత్తం బొమ్మగా గుర్తుపట్టించడానికి అడ్డేమీ లేదు. అలా చేసే ఉపాధ్యాయులు ఉన్నారు. సిలబస్ క్రమం తప్పారన్న మాట పడవలసి వస్తుందేమోనని వాళ్లు దాన్ని చెప్పుకోరు.

లెక్కల విషయంలో తెలుగు పిల్లలకు భాష చేసే ఉపకారం ఉంది, దాన్ని బడి సరిగా వాడుకోవడం లేదు. హిందీలో నూరు లోపు సంఖ్యల పేర్లు చాలావరకు విడివిడిగా కంఠతా పట్టవలసినవి. తెలుగులో పదకొండు నుంచి పంతొమ్మిది వరకు ధ్వనులు కొంత కలిసిపోయినా, ఇరవై దాటాక పదుల పేరు, దాని వెనక ఒకట్ల పేరు చెబితే చాలు: నలభై ఏడు అన్న మాటలోనే నాలుగు పదులూ ఏడు ఒకట్లూ వినపడతాయి. స్థాన విలువ, అంటే ఒకే అంకె తానున్న చోటును బట్టి పదులనో ఒకట్లనో సూచించడం, ఈ వయసు గణితంలో అన్నిటికన్నా లోతైన భావన. తెలుగు పేర్లు దాన్ని నోటిలోనే అందిస్తున్నాయి. అయినా ఇరవై మూడు రాయమంటే 203 అని రాసే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. ఆ తప్పును జాగ్రత్తగా చూస్తే అది తర్కంతో చేసిన తప్పు అని తెలుస్తుంది: పిల్ల తాను విన్నది విన్నట్టు, ఇరవై తరవాత మూడు రాసింది. ఆమెకు కావలసింది మరో పేజీ ఒకట్లూ పదులూ రాయించడం కాదు. పది పుల్లలను దారంతో కట్టగా కట్టి, రెండు కట్టలూ మూడు విడి పుల్లలూ చేతిలో పెట్టి, ఆ రెండు కట్టలనే 2 అని రాస్తున్నామని చూపించడం. ఒకటి నుంచి నూరు దాకా రోజూ రాయించే ఇంటిపని వేళ్లకు అలవాటు నేర్పుతుంది గాని ఈ భావనను తాకదు. ఎక్కాలను పాటలా చెప్పించడంలో ఉన్న ఆనందాన్ని కాదనవలసిన పని లేకపోయినా, నాలుగేళ్లు ఇరవై ఎనిమిది అన్న పిల్లను ఏడేసి గింజల నాలుగు కుప్పలు పేర్చమని అడిగినప్పుడే ఆమెకు ఏం తెలుసో తెలుస్తుంది.

వేగం సంగతి ఇంకా జాగ్రత్తగా చూడదగింది. నిమిషానికి ఇన్ని పదాలు అన్న కొలతకు వెనక మంచి కారణం ఉంది: ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వాక్యం చివరికి చేరే పిల్ల, ఆ లోగా మొదలు మరిచిపోతుంది గనుక అర్థం అందదు. కాని పదం అన్నది అన్ని భాషల్లో ఒకే పొడవు ఉండే వస్తువు కాదు. మా అమ్మమ్మ వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు అని విడదీసి రాస్తే అయిదు పదాలు, మా అమ్మమ్మావాళ్లింటికి వెళ్లినప్పుడు అని పలికినట్టు కలిపి రాస్తే మూడే. చదివిన అక్షరాలు దాదాపు అవే అయినా లెక్క మారిపోతుంది. ఎన్‌సీఈఆర్‌టీ 2022 మార్చిలో సుమారు 10,000 బడుల్లో 86,000 మంది మూడో తరగతి పిల్లలతో జరిపిన పునాది అభ్యసన అధ్యయనం, ఇరవై భాషలకు ప్రమాణాలను వేరువేరుగా నిర్ణయించడం ఈ కారణంగా సరైన పని. అయినా గోడ మీది పట్టికలో దేశమంతటికీ ఒకే 45, ఒకే 60 ఉన్నాయి. లక్ష్యంలో ‘అర్థంతో’ అన్న షరతు స్పష్టంగా ఉన్నా, గడియారంతో కొలవడానికి వీలయ్యేది వేగమే గనుక ఆ షరతు తరగతిదాకా వచ్చేసరికి జారిపోతుంది. పరీక్షకు వచ్చే పాఠాన్నే పదేపదే చదివించి వేగం సాధించే దారి తెరుచుకుంటుంది. క్యాంప్‌బెల్ రెండు వందల ఏళ్ల కిందట చూసిన అప్పజెప్పడానికి అది దగ్గరి చుట్టం.

రాతలో లేని కోరికల వైపు చూస్తే పరిస్థితి ఇంకా కఠినంగా ఉంటుంది. విద్యాహక్కు చట్టం పిల్లల్ని చేర్చుకునేటప్పుడు వడపోత పరీక్షలను నిషేధించింది, శారీరక శిక్షా మానసిక వేధింపూ కూడదంది. 2018 మే నెలలో మద్రాసు హైకోర్టు ఒకటి, రెండు తరగతులకు ఇంటిపని ఇవ్వరాదని చెప్పింది. 2020 నాటి పాఠశాల సంచి విధానం అదే మాటను దేశమంతటికీ చెప్పి, ఆ రెండు తరగతుల పిల్లల సంచి బరువు 1.6 నుంచి 2.2 కిలోల లోపు ఉండాలని లెక్క కట్టింది. ఇంతటి స్పష్టత ఉన్నా, తెలుగు పట్టణాల్లో ఎల్‌కేజీ పిల్లలు సాయంత్రం ట్యూషనుకు వెళ్లడం, నాలుగు గీతల పుస్తకంలో కలిపిరాత దిద్దడం మామూలు దృశ్యాలు. తల్లిదండ్రులను ఇందుకు తప్పుపట్టడం తేలిక, న్యాయం కాదు. నోటుపుస్తకం నిండితేనే డబ్బు కట్టినందుకు చదువు జరిగినట్టు కనపడుతుంది, మాట్లాడిన మాటకూ ఆడిన ఆటకూ సాయంత్రం ఇంట్లో చూపించుకోవడానికి ఆధారం ఉండదు. చేతి ఎముకలూ కండరాలూ ఇంకా గట్టిపడుతున్న అయిదారేళ్ల వయసులో పెన్సిలు పట్టి పేజీలు నింపించడం వల్ల రాత బాగుపడదనీ, ఇసుక, బంకమట్టి, పూసలు, రంగులు, కత్తెరతో చేసే పని ఆ చేతిని రాతకు సిద్ధం చేస్తుందనీ శిశువిద్యలో ఎప్పటినుంచో తెలిసిన సంగతి. ఇసుకలో వేలితో దిద్దించిన పాత వీధిబడికి ఈ ఒక్క విషయంలో ఇప్పటి ఖరీదైన బడి కన్నా ఎక్కువ తెలుసు.

వయసు సంగతి దీనికి తోడు. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలని 2020 విధానం ఆధారంగా కేంద్రం రాష్ట్రాలను కోరుతూ వచ్చింది, కాని తెలుగు రాష్ట్రాల్లో చాలాకాలంగా అయిదేళ్లు నిండిన పిల్లలనే ఒకటో తరగతిలో చేర్చుకుంటూ వచ్చారు. ఆరేళ్ల వయసు మీద కట్టిన లక్ష్యాలను అయిదేళ్ల పిల్ల మీద పెడితే, ఆ వయసులో ఒక ఏడాది అంటే ఆమె బతికిన కాలంలో అయిదో వంతు అన్న సంగతి మరిచిపోయినట్టే. ఇటీవల రెండు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లిష్ మాధ్యమం ఒకటో తరగతి నుంచే ప్రవేశించి, ఎదురెదురు పేజీల్లో రెండు భాషలున్న పుస్తకాలు వచ్చాయి. పేద తల్లిదండ్రులకు ఇంగ్లిష్ మీద ఉన్న ఆశ గౌరవించవలసినది. అది వారి పిల్లలకు అందాలి కూడా. కాని తెలుగు లిపిలో గుణింతాలు ఇంకా పట్టుబడని పిల్ల, తాను ఎక్కడా వినని భాషలో అక్కడికక్కడే లెక్కలు అర్థం చేసుకోవాలన్న కోరిక వల్ల ఇంగ్లిషూ త్వరగా రాదు, లెక్కలూ రావు.

ఆ కోరికకు ముందే ఇంకొకటి ఉంది: తెలుగులోనే, బడి తెలుగు అర్థం చేసుకోవడం. ఆదిలాబాద్ గోండు గూడెంలోని పిల్లకూ, పార్వతీపురం దగ్గరి సవర పిల్లకూ అది మరో భాష; పాలమూరు, చిత్తూరు, శ్రీకాకుళం పిల్లలకు అది ఇంట్లో మాటకు కొంచెమో ఎక్కువో దూరమైన యాస. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతాల మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషల్లో మొదటి తరగతుల పుస్తకాలు తయారుచేసి, సొంత భాషలో చదవడం నేర్చుకున్నాక తెలుగులోకి నడిపించే దారి వేసింది. గిడుగు సొంత డబ్బుతో చేసిన పని ప్రభుత్వ కార్యక్రమం కావడానికి వందేళ్లకు పైగా పట్టింది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలని చెబుతుంది. ఆ ‘వీలైనంతవరకు’ అన్న మాట చాటున చాలా బడులు తప్పించుకున్నాయి.

పిల్ల వైపు పట్టిక ఇంత వివరంగా ఉన్నప్పుడు బడి వైపు పట్టిక ఎలా ఉందో కూడా చూడాలి. అదే చట్టం అనుబంధం ప్రకారం అయిదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు, అంటే రోజుకు నాలుగు గంటలు ఉండాలి. అరవై మంది లోపు పిల్లలున్న బడికి ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. ఈ నియమం పూర్తిగా అమలైన బడిలోనే లెక్క వేస్తే, ఇద్దరు ఉపాధ్యాయుల ఎనిమిది గంటలను అయిదు తరగతులకు పంచగా ఒక్కో తరగతికి రోజుకు గంటా ముప్పై ఆరు నిమిషాలు దక్కుతాయి. ఒకటో తరగతిలో పన్నెండు మంది ఉంటే ఒక్కో పిల్ల వంతుకు ఎనిమిది నిమిషాలు. ఏకోపాధ్యాయ బడిలో అది నాలుగు నిమిషాలు. నాలుగు వందల గుణింత రూపాలూ, స్థాన విలువా, కొత్త యాసా ఆ ఎనిమిది నిమిషాల్లో ఇమడాలి. మిగతా సమయమంతా పిల్ల పలక పట్టుకుని చప్పుడు చేయకుండా ఉండడమే బడి కోరే పని అవుతుంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం ఈ లెక్కనే ఎదుర్కొని దానికి జవాబు కనిపెట్టింది: పాఠాన్ని చిన్న కార్డులుగా విడగొట్టి, గోడమీద అభ్యసన నిచ్చెన గీసి, ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఆమే చూసుకుని తన కార్డు తీసుకుని గుంపులో పనిచేసుకునేలా ఏర్పాటు చేసింది, అందువల్ల ఉపాధ్యాయుడు తప్పనిసరిగా కావలసిన పిల్ల పక్కన కూర్చోగలుగుతాడు. కర్ణాటకలో నలి-కలి, తమిళనాడులో కృత్యాధార అభ్యసనం దీని నుంచే ప్రేరణ పొందాయి. తెలుగు పల్లెలో పుట్టిన పద్ధతిని పొరుగు రాష్ట్రాలు తెలుగు రాష్ట్రాల కన్నా విస్తారంగా వాడుకున్నాయన్నది బాధ కలిగించే విషయం.

నిపుణ్ పత్రాలు మౌఖిక భాషను, అంటే వినడం, మాట్లాడడం ద్వారా పెరిగే భాషను, చదువుకు మొదటి పునాదిగా ఒప్పుకున్నాయి. కాని లక్ష్యాల పట్టికలో దానికి అంకె లేదు, అంకె లేనిదానికి కాలక్రమ పట్టికలో పీరియడ్ ఉండదు. 2020 సంచి విధానం ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఇంటిపని వద్దంటూనే దాని చోట ఒక పని చెప్పింది: సాయంత్రం ఎలా గడిపారో, ఏ ఆటలు ఆడారో, ఏం తిన్నారో తరగతిలో చెప్పించమంది. ప్రభుత్వ పత్రాల్లో ఇంత విలువైన వాక్యాలు అరుదు, ఇంతగా ఎవరూ పట్టించుకోని వాక్యాలూ అరుదే. న్యూజీలాండ్‌లో మావోరి పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్-వార్నర్, పిల్లల నోటి నుంచి వచ్చిన మాటలతోనే వారికి చదవడం నేర్పిన తీరును 1963లో వెలువడిన తన ‘టీచర్’ పుస్తకంలో వివరించింది. తెలుగు ఒకటో తరగతికి అది ఎలా అన్వయిస్తుందో ఊహించడం కష్టం కాదు.

ఒక పిల్ల పొద్దున వచ్చి, నిన్న రాత్రి మా బర్రె ఈనింది అని చెబుతుంది అనుకుందాం. ఉపాధ్యాయురాలు ఆ మాటను దిద్దకుండా, గేదె అని మార్చకుండా, విన్నది విన్నట్టు నల్లబల్ల మీద రాసి, పిల్ల చేత వేలు పెట్టించి చదివిస్తే, అందులో అయిదు పదాలున్నాయి. ఒకటో తరగతి లక్ష్యం అడిగిన వాక్యం అంతకన్నా పెద్దది కాదు. రాని అక్షరాలు అందులో ఎన్ని ఉన్నా, అర్థం ముందే తెలుసు గనుక ఆమె వాటిని దాటుకుంటూ చివరికి చేరుతుంది. నిన్నలోని నకారపు ఒత్తూ, బర్రెలోని రకారపు ఒత్తూ ఏడాది చివరి పాఠం కోసం ఆగకుండా ఆ పూటే కంటికి పరిచయమవుతాయి. మిగతా పిల్లలు దూడ ఆడదా మగదా అని అడుగుతారు, జున్నుపాలు ఎప్పుడు తెస్తావంటారు, ఆ ప్రశ్నలూ రెండు మూడు వాక్యాలుగా నల్లబల్ల ఎక్కుతాయి. మరునాడు వాటినే కాగితం మీద రాసి గోడకు తగిలిస్తే, తరగతి చదువుకోవడానికి సొంత వాచకం ఒక్కో పేజీగా తయారవుతుంది. దీనికి కొత్త నిధులు అక్కర్లేదు. రోజుకు ఇరవై నిమిషాలు కావాలి, ఆ ఇరవై నిమిషాల్లో పాఠం జరగలేదని తనిఖీ పుస్తకంలో రాయని అధికారి కావాలి, ఒకటో తరగతి కాలక్రమ పట్టికలో ‘మాట్లాడడం’ అన్న పేరుతో ఒక గడి కావాలి.